జీపీఎస్ చెప్పిందల్లా వేదమా?

ఆ మధ్య కొండలెక్కే సరదా ఉన్న మిత్రులతో నాగలాపురం కొండలకి వెళ్ళాను. రెండు పక్కలా నిలువు బండలు, మధ్యలో వాగు. మాలో ఒక కుర్రాడి చేతిలో జీపీఎస్ రిసీవర్ ఉంది. ఇంతకు ముందు ఎవరో నడిచి రికార్డు చేసిన దారిని అందులో ఎక్కించుకొచ్చాడు. ఒకచోట ఆగి, "దారి మనకి ఎడమ పక్క ముప్ఫై మీటర్లలో ఉంది, ఇటు రండి" అని పొదల్లోకి నడిచాడు.

మేకలు కాస్తున్న ఒక పెద్దాయన చూసి, "ఆ పక్క పోవద్దండి సార్, దోవ లేదు, కింద మడుగుంది" అన్నాడు.

"ఇది మూడు మీటర్ల తేడాతో కరెక్టుగా చూపిస్తోంది తాతా" అని మా వాడు నవ్వి ముందుకే నడిచాడు. పెద్దాయన ఈసారి గట్టిగా అరిచాడు. ఇంకో పది అడుగులు వేస్తే బండ అంచు. దాని కింద ఇరవై అడుగుల లోతున నీళ్ళు. మా వాడు బతికింది అదృష్టం వల్ల కాదు, ఒక మనిషి అరిచినందువల్ల.

ఇంటికొచ్చాక నన్ను తొలిచిన ప్రశ్న ఒకటే. విబూది తీసే బాబాని మనం రుజువు అడుగుతాం. జాతకం చెప్పేవాణ్ణి నూటికి ఎన్నిసార్లు నిజమైందని అడుగుతాం. మరి తెర మీద కనిపించే ఆ "3 మీటర్లు" అనే అంకెని ఎప్పుడైనా ఏమైనా అడిగామా?

అడిగి చూద్దాం. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. వాటి నుంచి సిగ్నల్ రావడానికి పట్టిన కాలాన్ని బట్టి రిసీవర్ దూరం లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మనం ఎక్కడున్నామో తేలుతుంది. కాలం లెక్కలో సెకనులో పది లక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. లోయలో సిగ్నల్ బండకి తగిలి తిరిగి వస్తుంది. అంటే ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. అది బండకి తగిలి వచ్చిందని రిసీవర్‌కి కచ్చితంగా తెలిసే మార్గం లేదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. తను ఎంత తప్పుతోందో పరికరానికి నిజంగా తెలిస్తే ఆ తప్పుని అదే దిద్దుకునేది కదా! కాబట్టి ఆ "3 మీటర్లు" కొలిచి చెప్పింది కాదు. ఉపగ్రహాల అమరికని, సిగ్నల్ బలాన్ని బట్టి వేసిన అంచనా. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో ఆ అంకెకి అర్థమేమిటో గూగుల్ స్పష్టంగానే రాసింది: మనం ఆ వృత్తం లోపల ఉండే అవకాశం 68 శాతం. మిగతా 32 శాతం సంగతి తెర మీద కనపడదు. పైగా మా వాడు ఎక్కించుకొచ్చిన దారి కూడా ఇలాంటి పరికరంతో రికార్డు చేసిందే. ఆ తప్పుకి ఈ తప్పు తోడైంది.

మన ప్రాంతానికి ఇంకో ఇబ్బంది ఉంది. భూఅయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోతుంది. 1963లో మన మొదటి రాకెట్ ప్రయోగానికి తుంబాని ఎంచుకున్నదీ అందుకే. దాని ప్రభావం వల్ల ఇక్కడి ఆకాశంలో అయనోస్ఫియర్ కల్లోలం ఎక్కువ, ముఖ్యంగా సూర్యాస్తమయం తర్వాత. అది సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది. రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే కొత్త పరికరాలు ఈ తప్పుని బాగా తగ్గిస్తాయి, కానీ అన్నీ అలాంటివి కావు.

మ్యాపు సంగతీ చూడాలి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు 1830 నాటి ఎవరెస్టు కొలతల మీద గీసినవి. జీపీఎస్ లెక్క వేరు. సెట్టింగ్ మార్చకుండా ఒకదాని అంకెలు ఇంకొకదాని మీద గుర్తిస్తే వంద మీటర్లకి పైగా తేడా రావచ్చు. 2005 మ్యాపు విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ మ్యాపులకి ఈ తంటా లేదు.

"చూశారా, మీ సైన్సూ నమ్మదగింది కాదు!" అని కొందరు సంబరపడవచ్చు. తొందర పడకండి. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే సిగ్నల్లో కావాలని తప్పు కలిపేది. తేడా వంద మీటర్ల దాకా వచ్చేది. అది ఆపేశాక బాగా తగ్గింది. ఇప్పుడు ఆరుబయట మామూలు ఫోను దాదాపు 5 మీటర్ల లోపు చూపిస్తుంది. తప్పు ఎంతో, ఎందుకో, ఎలా తగ్గించాలో చెప్పగలగడమే సైన్సు బలం. ఏ జ్యోతిష్కుడైనా తన జోస్యానికి ఇన్ని మీటర్లు అటూ ఇటూ అని చెప్పాడా? తప్పు సైన్సుది కాదు, ఆ అంకెని దేవుడి మాటలా తీసుకున్న మనది.

మీరే పరీక్షించుకోండి. ఖర్చు లేదు. నేను మా మేడ మీద రిసీవర్‌ని గంటసేపు కదలకుండా పెట్టాను. నేను దాదాపు నాలుగు వందల మీటర్లు నడిచానని అది రాసుకుంది! మర్నాడు మళ్ళీ పెట్టాను. చుక్కలు ఇంకో పక్కకి జరిగాయి. అందుకే ఒక చోటుని సరిగ్గా గుర్తించాలంటే ఒకేరోజు పది నిమిషాలు నిలబడటం కన్నా వేరే రోజు, వేరే వేళ మళ్ళీ కొలవడం మేలు. బడిపిల్లల చేత ఈ ప్రయోగం చేయిస్తే కొలత అంటే ఏమిటో పుస్తకం కన్నా బాగా అర్థమవుతుంది.

కొండకి వెళితే రిసీవర్ తీసుకెళ్ళండి. నేనూ తీసుకెళతాను. ఏ వైపు నడవాలో, ఊరు ఎంత దూరమో అది బాగానే చెబుతుంది. కాలు ఎక్కడ పెట్టాలో మాత్రం కళ్ళు చెప్పాలి. ఆ కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళు ఏదైనా చెబితే ఆగి వినండి. ఆ మేకల పెద్దాయన చెప్పింది మూఢనమ్మకం కాదు, ఏళ్ళ తరబడి ఆ నేల మీద తిరిగి సంపాదించిన అనుభవం.