ఊరి అప్పు మీద ఢిల్లీ పన్ను ఎందుకు?

కోయంబత్తూరు, మదురై తెలుగు కుటుంబాలకు విన్నపం



మన ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నారు గానీ చదివేవాళ్లు తక్కువైపోయారు. ఈ కాగితం చేతికందినవారికి చదవడం వస్తే, పక్కనున్నవారికి పైకి చదివి వినిపించండి. ఇది మన కుళాయి సంగతి, మన వీధి మురుగు కాలువ సంగతి.

కార్పొరేషన్ నీళ్ల గొట్టాలు వేయాలంటే డబ్బు మూడు దారుల్లో వస్తుంది. మన దగ్గర ఇంటి పన్ను పెంచాలి. పైనుంచి గ్రాంటు తెచ్చుకోవాలి. లేదా అప్పు చేయాలి. ఇంటి పన్ను 2022లో తమిళనాడు అంతటా ఎంత పెరిగిందో మన రసీదులే చెబుతాయి. పట్టణాలకు గ్రాంటు రావాలంటే ఇంటి పన్నుకు కనీస రేట్లు ప్రకటించి తీరాలని పదిహేనో ఆర్థిక సంఘం షరతు పెట్టింది కదా అని రాష్ట్రం అప్పట్లో చెప్పుకుంది. ప్రకటనల పన్ను ఒకటి మునిసిపాలిటీల చేతిలో ఉండేది. 2017లో జీఎస్టీ వచ్చి దాన్నీ మింగేసింది. ఇక మిగిలిన దారి అప్పు. ఆ అప్పు పత్రాన్నే బాండు అంటారు. కార్పొరేషన్ ఇంత వడ్డీ ఇస్తానని రాసిస్తుంది, జనం గానీ బ్యాంకులు గానీ కొంటారు, గడువు తీరాక అసలు తిరిగి వస్తుంది. చీటీలు కట్టి పెళ్లిళ్లు చేసిన మనకు ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ విషయంలో మదురై వెనకబడ్డ ఊరు కాదు. 2001లోనే ఇన్నర్ రింగు రోడ్డు కోసం 30 కోట్ల రూపాయల బాండ్లు తెచ్చింది. వడ్డీ 12.25 శాతం. అప్పటికి దేశంలో ఆ పని చేసిన నగరాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్థానిక సంస్థల బాండ్ల వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఇవ్వొచ్చని 2000 నాటి ఫైనాన్స్ చట్టం ఒక కొత్త నిబంధన చేర్చింది. అయితే ప్రతి బాండుకూ కేంద్రం విడిగా నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ మినహాయింపు మొదట అందుకున్నది 2002లో అహమదాబాదు. మదురై ఒక్క ఏడాది ముందు దిగింది. 2003లో హైదరాబాదు పన్ను లేని బాండ్లతో 82.5 కోట్లు 8.5 శాతానికే తెచ్చుకోగలిగింది. 12.25కీ 8.5కీ మధ్య తేడా అంతా పన్ను వల్లే వచ్చిందంటే అబద్ధం అవుతుంది, ఆ రెండేళ్లలో దేశంలో వడ్డీలన్నీ పడ్డాయి. కొంత మాత్రం పన్ను వల్లే.

తర్వాత ఆ మినహాయింపు తలుపు మెల్లగా మూసుకుపోయింది. 2015లో షేర్లు, బాండ్ల మార్కెట్లను నియంత్రించే సెబీ మునిసిపల్ బాండ్లకు కొత్త నియమాలు తెచ్చింది. 2017లో పూణే, 2018లో హైదరాబాదు, విశాఖపట్నం వరుసగా బాండ్లు అమ్మాయి. హైదరాబాదు మొదటి విడత 8.90 శాతానికి తెచ్చింది, రెండో విడతకు 9.38, 2019లో మూడో విడతకు 10.23. విశాఖ 80 కోట్లు 10 శాతానికి. ఈ వడ్డీలన్నిటి మీదా పన్ను ఉంది. చేతికి రాకముందే కొంత కోసేసే టీడీఎస్ కూడా 2023 ఏప్రిల్ నుంచి లిస్టయిన ఇలాంటి బాండ్లకూ వర్తిస్తోంది.

పన్ను కొన్నవాడు కడతాడు, ఊరికేం నష్టం అంటారా? 2025లో చెన్నై కార్పొరేషన్ 200 కోట్లు 7.97 శాతానికి తెచ్చింది. ముప్పై శాతం పన్ను కట్టేవాడు ఆ బాండు కొంటే వాడి చేతిలో మిగిలేది 5.58 శాతం. వాడికి ఆ లెక్క ముందే తెలుసు. అందుకే ఎక్కువ వడ్డీ ఇస్తేనే కొంటానంటాడు. పన్ను చలానా మీద పేరు వాడిది, భారం ఊరిది. పన్ను తీసేస్తే వడ్డీ ఒక్క శాతమే తగ్గిందనుకుందాం. 200 కోట్ల మీద ఏడాదికి 2 కోట్లు, పదేళ్లకు 20 కోట్లు. ఆ డబ్బు శిరువాణి నీళ్ల గొట్టాలకో వైగై ఒడ్డున మురుగు శుద్ధికో పోవాల్సింది.

శిరువాణి అనగానే సేలం పగడాల నరసింహులు నాయుడు గారిని తలుచుకోకుండా ఉండలేం. మన తెలుగు బిడ్డ, పత్రిక నడిపినవాడు, కోయంబత్తూరు టౌన్‌హాలు కట్టించడానికి తిరిగినవాడు. కొండల్లోని ఆ నీళ్లు ఊరికి తేవాలని పందొమ్మిదో శతాబ్దంలోనే పోరుపెట్టారు. ఆయన 1922లో పోయారు, నీళ్లు వచ్చింది ఆ తర్వాత. ఊరికి నీళ్లు తేవడం తరాల పని, దానికి తరాలపాటు తీర్చే చవక అప్పు కావాలి.

ఇప్పుడు అసలు బాధ. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తుల మీద స్థానిక సంస్థలు ఇంటి పన్ను వేయకూడదు. మన రోడ్లు, మన దీపాలు, మన మురుగు కాలువలు వాడుకునే రైల్వే స్టేషన్లూ తపాలా కట్టడాలూ ఆ పన్ను కట్టవు. మన వడ్డీ మీద పన్ను లెక్క కట్టే ఆఫీసు కూడా, సొంత కట్టడంలో ఉంటే, కట్టదు. రాజ్‌కోట్ కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా పోయి పోరాడితే 2009లో సేవా రుసుం అని ఒకటి ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది. వాడుకునే సేవలను బట్టి ఇంటి పన్నులో ముప్పావు వంతో, సగమో, మూడో వంతో. నీ ఇంటిని నేను ముట్టుకోకూడదు సరే, మరి నా అప్పును నువ్వెందుకు ముట్టుకుంటావు?

కేంద్రం తన సంస్థల విషయంలో ఇంత గట్టిగా ఉందా అంటే, లేదు. 2011-12లో జాతీయ రహదారుల సంస్థ, రైల్వే ఫైనాన్స్ సంస్థ, హడ్కో, పవర్ ఫైనాన్స్ సంస్థ కలిపి 30,000 కోట్ల దాకా పన్ను లేని బాండ్లు అమ్ముకోవడానికి అనుమతి ఇచ్చింది. అలాంటివి 2015-16 దాకా వచ్చాయి. ఈరోజుకీ మీరు పీలమేడులో స్థలం అమ్మారనుకోండి. లాభం మీద పన్ను తప్పాలంటే ఆరు నెలల్లో 50 లక్షల దాకా ఆర్‌ఈసీ లాంటి కేంద్ర సంస్థల బాండ్లలో పెట్టొచ్చు, ఆడిటరు చెప్పేది అదే. కోయంబత్తూరు మట్టి అమ్మిన డబ్బు కోయంబత్తూరు కార్పొరేషన్ బాండులో పెడితే మాత్రం ఆ సౌకర్యం లేదు!

బాండ్లు తెచ్చే నగరాలకు ప్రోత్సాహకం ఇస్తున్నాం కదా అంటుంది ఢిల్లీ. నిజమే. అమృత్ పథకం కింద వంద కోట్ల బాండుకు 13 కోట్లు, గరిష్ఠంగా 26 కోట్లు. చిన్న మొత్తం కాదు, పైన వేసిన 20 కోట్ల లెక్క కంటే ఎక్కువే. కానీ అది పథకం. పథకం ఉన్నన్నాళ్లే డబ్బు. ఇలాంటి పథకాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికావాళ్లు చూశారు. 2009, 2010లలో అక్కడ బిల్డ్ అమెరికా బాండ్లని తెచ్చారు. వడ్డీ మీద పన్ను ఉంటుంది, బదులుగా వడ్డీలో 35 శాతం మేమే ఇస్తామని వాషింగ్టన్ మాట ఇచ్చింది. నమ్మి ఊళ్లు అప్పు చేశాయి. 2013లో ఖర్చుల కోత వచ్చినప్పుడు ఆ 35 శాతంలోనే కోశారు. ఊళ్ల అప్పు మాత్రం తగ్గలేదు. అదే దేశంలో 1913 నాటి ఆదాయపు పన్ను చట్టం నుంచి ఉన్న మామూలు మినహాయింపు ఈరోజుకీ నిలబడి ఉంది. మినహాయింపు రాజ్యాంగ హక్కేమీ కాదని 1988లో వాళ్ల సుప్రీంకోర్టే చెప్పినా, 2025లో దాన్ని తీసేస్తారన్న భయం పుట్టినప్పుడు మేయర్లు పార్టీలు చూడకుండా ఎదురుతిరిగారు. ఆ జులైలో వచ్చిన పన్నుల చట్టం దాని జోలికి పోలేదు.

మన దగ్గరా ఇది రాజ్యాంగం ఇచ్చిన హక్కని చెప్పడం లేదు. 289వ అధికరణం కాపాడేది రాష్ట్రాల ఆదాయాన్ని. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఆ గొడుగు కింద నిలబడాలని చూస్తే 1964లో సుప్రీంకోర్టు కుదరదంది. కాబట్టి అడిగి సాధించుకోవాల్సిందే.

అడిగేటప్పుడు ఎదురు ప్రశ్నలు వస్తాయి. పన్ను లేని బాండు డబ్బున్నవాడికి పండగ అంటారు, అందులో నిజముంది. పైగా ఈ బాండ్లు కొనే భవిష్యనిధి ట్రస్టుల్లాంటివి ఇప్పటికే పన్ను కట్టవు, వాటికి మినహాయించినా వడ్డీ తగ్గించవు. ఊరి మనుషులు కొంటేనే ఊరికి లాభం. 2023 ఫిబ్రవరిలో ఇందోర్ సౌర విద్యుత్తు కోసం 244 కోట్ల బాండ్లను నేరుగా జనానికే అమ్మింది. మదురైలో చిన్న దుకాణం నడిపేవాళ్లూ, కోయంబత్తూరులో మిల్లు నుంచి రిటైరైనవాళ్లూ కొనగలిగేంత చిన్న ముక్కలుగా అమ్మి, ఒక్క మనిషికి ఇంత వడ్డీ వరకే మినహాయింపు అని హద్దు పెడితే ఆ ఆక్షేపణకు జవాబు దొరుకుతుంది. ఖర్చు లెక్కలు తేలని కార్పొరేషన్‌కు మినహాయింపు వద్దు. ఆడిట్ అయిన పద్దులు బయట పెట్టినవాళ్లకే ఇవ్వమందాం, మన కార్పొరేషన్లయినా సరే.

చేయవలసింది ఇదీ. మీ వార్డు కౌన్సిలరును కలవండి, ఏ పార్టీ అయినా. కౌన్సిల్ సమావేశంలో ఒక తీర్మానం పెట్టమనండి. స్థానిక సంస్థలు నీళ్లకు, మురుగుకు, రోడ్లకు తెచ్చే బాండ్ల వడ్డీని ఆదాయపు పన్ను నుంచి తప్పించాలి. ఒక్కో బాండుకు ఒక్కో నోటిఫికేషన్ కోసం ఢిల్లీ చుట్టూ తిరిగే పద్ధతి పోవాలి. స్థలం అమ్మిన లాభం పెట్టుకునే బాండ్ల జాబితాలో కార్పొరేషన్ల బాండ్లనూ చేర్చాలి. ఈ మూడు మాటలూ తీర్మానంలో ఉండాలి. నకలు మన పార్లమెంటు సభ్యులకూ, రాష్ట్ర ఆర్థిక శాఖకూ, కేంద్ర ఆర్థిక శాఖకూ పోవాలి. బడ్జెట్ ఫిబ్రవరిలో వస్తుంది, కసరత్తు అంతకు నెలల ముందే మొదలవుతుంది. కాబట్టి దీపావళి లోపు తీర్మానం కావాలి.

తీర్మానం తమిళంలో రాయించండి. కౌన్సిల్ నడిచేది ఆ భాషలోనే, ఈ బాధ మన పక్కింటి తమిళులదీ, సౌరాష్ట్రులదీ కూడా. వాళ్ల సంతకాలు ముందు తీసుకుని, తర్వాత మన సంతకాలు పెట్టండి.