విరిగిన మర, దాచిన మాట



మా ఇంటి వెనుక వరండాలో ఒక మూల మా పనిపాక ఉన్నది. పాక అని పేరే గాని, పైన రెండు సిమెంటు రేకులు, కింద ఒక పాత టేకు బల్ల, దానికి బిగించిన నాలుగు అంగుళముల బెంచి వైసు, గోడన మేకులకు వేలాడే స్పానర్లు, ఆకురాళ్లు, ఒక హాక్సా, ఒక డ్రిల్లు మిషను, అంతే. సాయంకాలము గంటో అరగంటో దొరికితే మేము అక్కడ కూర్చుని ఇరుగుపొరుగు వారి టేబులు ఫ్యానులు, సైకిళ్లు, తాళములు బాగుచేయుట అలవాటు. ఆ పనులను గూర్చి ఈ పుటలో వ్రాస్తూ వచ్చాము. ఈ నెల మాత్రము మేము బాగుచేసిన వస్తువును గూర్చి కాక, పాడుచేసిన వస్తువును గూర్చి వ్రాయవలసి వచ్చినది.

రెండేళ్ల క్రితము జూన్ మొదటి వారము. బడులు తెరిచే రోజులు. మా వీధి చివర కుట్టుపని మీదనే ముగ్గురు పిల్లలను పోషించుకొనే ఒక సోదరి ఉన్నారు. ఆమె తమ కుట్టు మిషను తలను గోనెసంచిలో చుట్టి, కొడుకు చేత మోయించుకొని సోమవారము సాయంకాలము మా ఇంటికి వచ్చారు. "అయ్యగారూ, కుట్టు దాటిపోతూ ఉంది. ఇరవై జతల యూనిఫారాలు ఒప్పుకున్నాను. కాస్త చూడండి" అన్నారు. "రేపు పొద్దున్నే వచ్చి తీసుకువెళ్లమ్మా" అని మేము ధైర్యముగా చెప్పాము. ఫ్యానులు బాగుచేసిన చేతికి కుట్టు మిషను ఒక లెక్కా అనుకొన్నాము.

రాత్రి భోజనమైన తరువాత మిషనును బల్లమీద పెట్టాము. సూది దిగే చోట ఉండే ఇనుప ప్లేటును విప్పి లోపల చూడవలెనని మా ఆలోచన. ఆ ప్లేటుకు రెండు స్క్రూలు ఉంటాయి. మొదటిది వచ్చినది. రెండవది తుప్పు పట్టి కదలలేదు. చేతికి దొరికిన స్క్రూడ్రైవరు మొన గాడికన్నా సన్నముగా ఉన్నా దానితోనే తిప్పాము. గాడి అంచులు అరిగినవి. అప్పుడైనా ఆగవలసినది. పటకారుతో తలను పట్టి మరింత బలముగా తిప్పాము. టక్కుమని చప్పుడు వచ్చినది. తల మా చేతిలోకి వచ్చినది, మర మాత్రము మిషనులోనే ఉండిపోయినది.

మంగళవారము ఉదయము ఆమె వచ్చారు. మేము ఏమని చెప్పామో వ్రాయుటకు నేటికీ సిగ్గుగా ఉన్నది. "ఒక చిన్న భాగము బజారు నుండి రావాలమ్మా, రేపటికి అయిపోతుంది" అన్నాము. అది పూర్తిగా అబద్ధము కాదు గదా అని మాకు మేమే సర్దిచెప్పుకొన్నాము. బుధవారమూ అదే మాట. ఆ రాత్రి మా ఇంటావిడ పనిపాకలోకి వచ్చి, బల్లమీది విరిగిన తలను చూసి, "ఏమండీ, ఇది విరిగిందని ఆమెకు చెప్పారా?" అని ఒక్క మాట అడిగారు. మా వద్ద జవాబు లేదు.

గురువారము తెల్లవారగానే మేమే ఆమె ఇంటికి వెళ్లి జరిగినది జరిగినట్లు చెప్పాము. ఆమె కోపపడలేదు. కత్తిరించి పెట్టిన తెల్ల చొక్కాల గుడ్డలను పక్కకు జరిపి, మెల్లగా ఇట్లు అన్నారు: "ఇనుము విరగడం ఎవరి చేతిలోనైనా జరుగుద్ది అయ్యగారూ. సోమవారం రాత్రే చెప్పి ఉంటే మా పిన్నిగారి మిషను అడిగి తెచ్చుకునేదాన్ని. రెండు రోజులు పోయాయి."

పాఠకులారా, ఆ మాట మాకు సూదివలె దిగినది. ఆమెకు ఎక్కువ నష్టము కలిగించినది విరిగిన మర కాదు, మేము దాచిన మాట. ఆ రెండు రోజుల ఆలస్యము వలన ఎనిమిది జతల పనిని బట్టల కొట్టువారు వెనక్కి తీసుకొని మరొకరికి ఇచ్చారు.

అదే రోజు మిషనును బజారులో కుట్టు మిషన్లు బాగుచేసే ఒక పెద్దాయన వద్దకు తీసుకొనిపోయాము. ఆయన మమ్మును ఏమీ అనలేదు. విరిగిన మర నడిమిన పంచితో చిన్న గుంట పెట్టి, సన్నని డ్రిల్లుతో రంధ్రము చేసి, అందులో మెకానిక్కులు ఈజీ ఔట్ అని పిలిచే పనిముట్టును దింపి, ఎడమవైపుకు మెల్లగా తిప్పారు. మర బయటికి వచ్చినది. తన డబ్బాలో వెదకి సరియైన పాత స్క్రూ ఒకటి బిగించారు. కుట్టు మిషను స్క్రూల మర ప్రత్యేకముగా ఉంటుందనీ, హార్డువేరు కొట్టులో దొరికే మామూలు స్క్రూను బలవంతముగా ఎక్కిస్తే రంధ్రములోని మర కూడా పోతుందనీ చెప్పారు. ఆ తరువాత పాత సూదిని తీసి గోటిమీద మొన గీచి చూసి, "పాస్టరు గారూ, జబ్బు దీనిలో ఉంది" అని కొత్త సూది వేశారు. కుట్టు ముత్యములవలె పడినది. మేము విప్పిన ప్లేటును అసలు విప్పవలసిన అవసరమే లేకపోయినది!

ఆయన దగ్గర కూర్చుని నేర్చుకొన్నది మీకును ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

మొదట మిషను పని తీరు తెలిసియుండవలెను. చేతి సూదికి బెజ్జము తోకవైపు ఉంటే, మిషను సూదికి మొనవైపు ఉంటుంది. మొనవైపు బెజ్జమున్న సూదితో రెండు దారములను ముడివేసే మిషనుకు ఎలియాస్ హోవ్ అను అమెరికా దేశస్థుడు 1846లో పేటెంటు పొందాడు. సూది అడుగుకు దిగి, రెండు మిల్లీమీటర్లకు కొంచెము అటుఇటుగా పైకి లేచునప్పుడు దారము చిన్న ఉచ్చుగా మారుతుంది. సరిగ్గా ఆ క్షణమున షటిల్ ముక్కు వచ్చి ఆ ఉచ్చును పట్టుకొని బాబిను చుట్టూ తిప్పుతుంది. అప్పుడు కింది దారము పై దారముతో ముడిపడుతుంది. సూది వంగినా, మొన అరిగినా, తిరగవేసి బిగించినా ఉచ్చు సరిగా ఏర్పడదు. షటిల్ ముక్కుకు అది అందదు. అదే కుట్టు దాటిపోవుట.

కనుక కుట్టు దాటితే స్క్రూడ్రైవరు పట్టకముందే ఈ వరుసలో చూడండి. ఒకటి, సూది మార్చండి. సూది కాడకు ఒక పక్క చదునుగా ఉంటుంది. ఆ చదును షటిల్ ముక్కు తిరిగే వైపునకు ఉండవలెను. సూది పూర్తిగా పైకి ఆనునట్లు పెట్టి బిగించవలెను. మామూలు నూలు గుడ్డకు 14వ నంబరు, మందపు గుడ్డకు 16వ నంబరు సూది సరిపోవును. రెండు, పై దారమును మొదటి నుండి తీసి మళ్లీ ఎక్కించండి. గుడ్డ అడుగున దారము ఉచ్చులుగా వస్తే, చాలాసార్లు తప్పు పై దారములోనే ఉంటుంది. మూడు, బాబిన్ కేసును దాని దారముతో వేలాడదీయండి. తనంతట తాను జారిపోకూడదు, చిన్నగా కుదిపితే కొంచెము దిగవలెను. నాలుగు, షటిల్ చుట్టూ చేరిన దూదిపీచును పాత బ్రష్షుతో తీయండి. అయిదు, మిషను నూనె ఒక్కొక్క చుక్క వేయండి. కొబ్బరినూనె వేయకండి. అది చలికాలములో గడ్డకట్టును, దుమ్ముతో కలిసి జిగురుగా మారును.

ఇక తుప్పు పట్టిన స్క్రూ సంగతి. కిరసనాయిలు గాని, తుప్పు వదిలించే నూనె గాని రెండు మూడు చుక్కలు వేసి రాత్రంతా వదలండి. గాడి నిండా పట్టే స్క్రూడ్రైవరునే వాడండి. దానిని నిటారుగా నిలిపి సుత్తితో మెల్లగా రెండు మూడు దెబ్బలు వేస్తే తుప్పు పట్టు సడలుతుంది. విప్పే వైపునకే తిప్పక, ముందు వెంట్రుకవాసి బిగించి, తరువాత విప్పండి. కదలకపోతే మళ్లీ నూనె వేసి మరుసటి రోజు చూడండి. ఒక రాత్రి ఆగుట నష్టము కాదు. డ్రిల్లు, సుత్తి పట్టినప్పుడు కళ్లకు అద్దములు మరువకండి.

యంత్రములను గట్టిగా విమర్శించిన గాంధీ గారు కుట్టు మిషనును మాత్రము మినహాయించినట్లు 1924 నాటి యంగ్ ఇండియా పత్రికలో ఉన్నది. భార్య చేతి కుట్టుతో పడే శ్రమను చూసి, ప్రేమతో సింగరు దానిని కనిపెట్టాడని ఆయన తలంపు. ఒక మిషను వెనుక ఒక ఇంటి శ్రమ ఉంటుందను సంగతిని మేము ఆ సోమవారము రాత్రి మరచితిమి. మా బల్లమీద ఉన్నది ఇనుము అనుకొన్నాము గాని, అది ఒక తల్లి అన్నము.

పోయిన ఎనిమిది జతల కూలి మేము ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. "ఇకమీద ఎవరిది విప్పినా ముందు చెప్పి విప్పండి అయ్యగారూ, అది చాలు" అన్నారు. అప్పటి నుండి మా పనిపాక గోడకు ఒక నోటుపుస్తకము వేలాడుచున్నది. ఎవరి వస్తువు, ఏమి జబ్బు, మేము ఏమి విప్పాము, ఏమి పాడుచేశాము అని అదే రోజు వ్రాస్తాము. పాడుచేసినది ఉంటే అదే రోజు యజమానికి చెబుతాము. పుస్తకములో "పాడుచేశాము" అన్న గడి అప్పుడప్పుడు నిండుతూనే ఉన్నది. ఇంతవరకు చెప్పినందుకు ఎవరూ మమ్మును కొట్టలేదు!

మీ ఇంట పనిముట్ల పెట్టె ఉంటే అందులో కూడ ఒక నోటుపుస్తకము ఉంచండి. మీ పిల్లలు గడియారమో, ట్రాన్సిస్టరో విప్పి పాడుచేసి వచ్చి చెబితే, ముందు చెప్పినందుకు మెచ్చుకొని, తరువాత వస్తువును చూడండి. మొదటిసారి తిట్టు తిన్న బిడ్డ రెండవసారి దాచుట నేర్చుకొనును.

వచ్చే నెల సైకిలు ఎడమ పెడలును గూర్చి వ్రాస్తాము. దాని మర మిగతా వాటికి ఎదురుగా ఉంటుంది. సవ్యముగా తిప్పితేనే ఊడుతుంది. అంతవరకు దానిని ఎవరూ బలవంతముగా తిప్పవద్దని మనవి.