మడమ రక్తం తీయించాకే ఇంటికి వెళ్లండి

హైదరాబాద్ నాంపల్లి రెడ్‌హిల్స్‌లో, ఆబిడ్స్ పక్కన సుల్తాన్ బజార్‌లో, ఆ చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలో ప్రసవమైనా తల్లిదండ్రులకూ, తోడున్న అమ్మమ్మలకూ నాయనమ్మలకూ మా హెచ్చరిక ఒకటే. పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య బిడ్డ మడమ నుంచి రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేశారో లేదో అడగండి. చేయకపోతే చేయించండి. అంతకుముందే ఇంటికి పంపితే మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి.

ఎందుకింత తొందర? పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న బిడ్డ మొదట్లో చూడటానికి అందరి పిల్లల్లాగే ఉంటాడు. కడుపులో ఉన్నప్పుడు తల్లి హార్మోన్ కొంత అందుతుంది కనుక బరువూ, రూపూ బాగానే ఉంటాయి. ఎక్కువసేపు నిద్రపోతాడు, పెద్దగా ఏడవడు. ఎంత బుద్ధిమంతుడోనని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. కామెర్లు ఎన్నాళ్లకూ తగ్గకపోతే పసరు పోయిస్తారు. విరేచనం సరిగా కాకపోవడం, ఏడుపు బొంగురుగా ఉండటం, బొడ్డు ఉబ్బడం కూడా ఈ జబ్బు గుర్తులే. అవన్నీ కలిపి గుర్తుపట్టేసరికి నెలలు గడిచిపోతాయి. అప్పటికే దెబ్బతిన్న మెదడును ఏ మందూ పూర్తిగా బాగుచేయలేదు. అదే రెండు వారాల్లోపు లెవోథైరాక్సిన్ మాత్రను పొడిచేసి, కాస్త తల్లిపాలలో కలిపి రోజూ పట్టడం మొదలుపెడితే ఆ బిడ్డ తోటివాళ్లతో సమానంగా ఎదుగుతాడు. ఆ మాత్ర ఖరీదు చాలా తక్కువ.

ఇది మనకు సంబంధించని జబ్బు అనుకోవద్దు. హైదరాబాద్‌లోని నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువుల రక్తాన్ని పరీక్షించి, డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రానికి (సీడీఎఫ్‌డీ) చెందిన ఎ. రాధారమాదేవి, ఎస్.ఎం. నౌషాద్ 2004లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 1,700 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉందని తేలింది. పాశ్చాత్య దేశాల్లో అప్పటి లెక్క మూడు నాలుగు వేల మందిలో ఒకరు. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు మన నగరంలో వెయ్యి మందిలో ఒకరికి ఉండవచ్చని కూడా ఆ పరిశోధన చెప్పింది.

ఆ లోపాల్లో కొన్ని రెండు మూడు వారాల్లోనే ప్రాణం తీస్తాయి. పుట్టుకతో అడ్రినల్ లోపమున్న మగబిడ్డకు పైకి ఏ గుర్తూ కనిపించదు. హఠాత్తుగా వాంతులు మొదలై, ఒంట్లో ఉప్పు పడిపోతుంది. గాలక్టోసీమియా ఉన్న బిడ్డకు పాలే విషమవుతాయి. ఇవి తల్లిదండ్రులిద్దరి నుంచీ అదే లోపం సంక్రమిస్తే వచ్చే జబ్బులు కనుక మేనరికం చేసుకున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఇదివరకు ఒక బిడ్డ కారణం తెలియకుండా చనిపోయిన కుటుంబాలు మరో కాన్పుకు ముందే జన్యు నిపుణులను కలవాలి. ఒకప్పుడు నాంపల్లి గృహకల్పలో ఉన్న సీడీఎఫ్‌డీ ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. నిమ్స్ ఆసుపత్రితో కలిసి అరుదైన జబ్బుల జాతీయ కేంద్రాల్లో ఒకటిగా పనిచేస్తోంది. 2021 నాటి జాతీయ విధానం కింద, జాబితాలో ఉన్న జబ్బులకు ఇలాంటి కేంద్రాల ద్వారా రూ.50 లక్షల వరకు సాయం అందే వీలుంది.

అమెరికాలో రాబర్ట్ గుత్రీ 1960ల మొదట్లోనే వడపోత కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కతో ఇలాంటి లోపాలను పసిగట్టే పరీక్షలకు దారి వేశారు. కేరళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు ఇవి చేస్తున్నారు. ఇరవై ఏళ్ల కిందటే తన పిల్లల లెక్క తేల్చుకున్న హైదరాబాద్‌లో ఇది ఇంకా తల్లిదండ్రులు అడిగి చేయించుకునే పరీక్షగా ఉండకూడదు. బీసీజీ టీకా వేసినంత మామూలుగా, ఎవరూ అడగకుండానే, ఉచితంగా జరగాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వెంటనే ఆ ఏర్పాటు చేయాలి.

అంతవరకూ బాధ్యత ఇంటివారిదే. రక్తం ఇచ్చేటప్పుడు ఎప్పుడూ అందుబాటులో ఉండే ఫోన్ నంబరు రాయించండి. వారంలో ఫలితం రాకపోతే మీరే వెళ్లి అడగండి. తేడా ఉందంటే రెండో పరీక్షకు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. మందు మొదలయ్యాక బిడ్డ చలాకీగా ఉన్నాడని, డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.