గుండెకు పరీక్ష సరే, డ్యూటీ చార్టుకు పరీక్ష ఏదీ?

భిలాయ్‌లోని నెహ్రూ నగర్ పార్కుల్లో తెల్లవారేసరికే నడక జోరందుకుంటుంది. ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసినవారు, ఇంకా కొలువులో ఉన్న అధికారులు వైద్యుడు చెప్పిన లెక్క ప్రకారం చుట్లు పూర్తిచేస్తారు. కాసేపటికే రాత్రి షిఫ్టు ముగించుకున్న కాంట్రాక్టు కార్మికులు ఖుర్సీపార్, క్యాంపు బస్తీల దారి పడతారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వలస వచ్చిన కుటుంబాల వారసులు ఈ రెండు గుంపుల్లోనూ ఉన్నారు. ఉద్యోగుల గుండె ఆరోగ్యం పేరిట దేశంలోని సంస్థలు నడిపే శిబిరాలు, యోగా తరగతులు, పది వేల అడుగుల పోటీలు మాత్రం మొదటి గుంపును చూసి రూపొందించినవే. ఎనిమిది గంటలు బరువులు మోసి వచ్చినవాడికి నడవమని చెప్పడం సలహా అవుతుందా, ఎగతాళి అవుతుందా?

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష జరిపించడం యజమాని బాధ్యత అని కేంద్రం ఘనంగా చాటింది. మంచిదే. దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే, అంటే తక్కిన ప్రపంచం కంటే దాదాపు ఆరేళ్లు ముందే వస్తోందని ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఏనాడో తేల్చింది. కనుక ముందుగా పరీక్షించడంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పరీక్ష తర్వాత ఏమిటన్నదే ప్రశ్న. రక్తపోటు ప్రమాదకరంగా ఉందని తేలిన కార్మికుడికి ఉప్పు తగ్గించమని, ఖైనీ మానమని, కంటినిండా నిద్రపొమ్మని చెబుతారు. అదే వారం డ్యూటీ చార్టులో అతని పేరు రాత్రి షిఫ్టు వరుసలోనే ఉంటుంది. నిద్రపొమ్మన్నదీ యాజమాన్యం నియమించిన వైద్యుడే, నిద్ర చెడగొట్టేదీ ఆ యాజమాన్యమే.

షిఫ్టు పనికీ గుండెపోటుకూ ఉన్న సంబంధం ఊహాగానం కాదు. అనేక అధ్యయనాలను గుదిగుచ్చి 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణ, షిఫ్టుల్లో పనిచేసేవారిలో ఆ ముప్పు 23 శాతం ఎక్కువని చూపింది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ఉమ్మడిగా ప్రకటించాయి. ఆ తర్వాత కూడా మన పారిశ్రామిక దిగ్గజాలు వారానికి 70 గంటలని ఒకరు, 90 గంటలని మరొకరు ప్రజలకు హితబోధ చేశారు. వారి కంపెనీలలోనూ వెల్‌నెస్ కార్యక్రమాలకు లోటు ఉండదు!

ఉక్కు కర్మాగారంలో దీనికి తోడు మరో రెండున్నాయి. ఒకటి వేడి. రెండోది బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో పుష్కలంగా ఉండే కార్బన్ మోనాక్సైడ్. 2014 జూన్ 12న భిలాయ్ కర్మాగారంలో ఆ వాయువు లీకై ఆరుగురు మరణించారు. అది వార్త అయింది, విచారణ జరిగింది. అదే వాయువు కొద్ది మోతాదులో సోకినా, గుండె రక్తనాళాలు పూడుకున్న మనిషికి శ్రమ చేసేటప్పుడు ఛాతీనొప్పి త్వరగా మొదలవుతుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. అటువంటివాడు ఇంటికి వెళ్లి, మంచం మీద కుప్పకూలితే అది ప్రమాదాల పద్దులోకి రాదు. ‘సహజ మరణం’ అనే మాట ఎంత సౌకర్యమైనదో!

అలవాట్లను మాత్రమే లక్ష్యం చేసుకున్న కార్యక్రమాల ఫలితమేమిటో అమెరికాలో చూశారు. ఒక టోకు దుకాణాల సంస్థకు చెందిన 160 కేంద్రాల్లో, దాదాపు 33 వేల మంది ఉద్యోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత, తాము వ్యాయామం చేస్తున్నామని చెప్పినవారు పెరిగారు. రక్తపోటు, కొలెస్టరాల్, బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. మన దేశంలోనే పారిశ్రామిక కేంద్రాల్లో జరిగి, 2009లో వెలువడిన మరో అధ్యయనం ఇందుకు భిన్నమైన ఫలితమిచ్చిన మాట నిజం. అక్కడ రక్తపోటు, కొలెస్టరాల్ తగ్గాయి. ఆ కృషి ఒక్కరోజు శిబిరంతో ముగియలేదు, ఏళ్ల తరబడి సాగింది. కనుక పని స్థలంలో ఆరోగ్య కృషి వృథా అనడం ఈ విమర్శ ఉద్దేశం కాదు. చవకగా తేలేదాన్ని చేసి, ఖర్చయ్యేదాన్ని వదిలేయడం మీదే అభ్యంతరం.

ఈ నేలకు ఆరోగ్య ఉద్యమం కొత్త కూడా కాదు. భిలాయ్ కొలిమికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల్లో, శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని కాంట్రాక్టు కార్మికులు 1983లో షహీద్ ఆసుపత్రిని తమ చందాలతో, తమ చెమటతో నిలబెట్టుకున్నారు. మద్యం మానాలని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఏ మానవ వనరుల విభాగమూ వారికి పోస్టర్లు అచ్చువేసి ఇవ్వలేదు. కూలి పెంపు, పనిభద్రత, ఆసుపత్రి, మద్యనిషేధం ఒకే పోరాటంలో భాగాలని వారికి తెలుసు. 1991 సెప్టెంబరు 28న నియోగిని భిలాయ్‌లోనే నిద్రలో ఉండగా కాల్చి చంపారు.

ఇప్పుడు కర్మాగారంలో క్రమబద్ధ ఉద్యోగుల సంఖ్య తగ్గుతూ, కాంట్రాక్టు కార్మికులపై భారం పెరుగుతోంది. ఉద్యోగికి సెక్టార్ 9లోని పెద్ద ఆసుపత్రి, దశాబ్దాల వైద్య చరిత్ర ఉన్న ఫైలు ఉంటాయి. కాంట్రాక్టరు మారితే గేటు పాసుతో పాటు యజమాని పేరే మారిపోయే కార్మికుడి ఫైలు ఎక్కడుంటుంది? పరిహార చట్టం మూడో షెడ్యూలులోని వృత్తి వ్యాధుల జాబితాలో గుండెజబ్బు లేదు. లారీ క్లీనరు ఒకరి మరణంపై 2006లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు, పని ఒత్తిడికీ గుండెపోటుకూ సంబంధాన్ని ఆధారాలతో చూపాల్సిందేనంది. ఆ ఆధారాలేమో డ్యూటీ చార్టులు, గ్యాస్ కొలతలు, వైద్య పరీక్షల నివేదికలు. అన్నీ యాజమాన్యం బీరువాలోనివే.

ఏటా జరిపే పరీక్ష నకలు కార్మికుడి చేతికి ఇవ్వాలి. కాంట్రాక్టరు మారినా ఆ రికార్డు ప్రధాన యజమాని వద్ద కొనసాగాలి. గుండెకు ముప్పుందని వైద్యుడు రాస్తే రాత్రి షిఫ్టు, వేడి విభాగం నుంచి కూలి కోత లేకుండా మార్పు జరగాలి. ఈ మూడూ నిబంధనల్లోకి ఎక్కించనంత వరకు, పరీక్షలో తేలిన రక్తపోటు అంకె భర్తను పోగొట్టుకున్న మనిషికి ఉపయోగపడదు. కోర్టులో ఆమెకు ఎదురుగా నిలబడిన న్యాయవాదికే ఉపయోగపడుతుంది: ‘అతనికి జబ్బు ముందే ఉంది కదా!’