కెమెరా గొట్టం లేకుండానే లివర్ రక్తస్రావం ముప్పు తెలిస్తే.. అరకు కొండలకు ఎంత మేలు?

లివర్ గట్టిపడిపోయిన (సిరోసిస్) మనిషికి ఒక్కోసారి ఉన్నట్టుండి రక్తం వాంతి అవుతుంది. విశాఖలో అయితే ఆటో ఎక్కించి కేజీహెచ్‌కి తీసుకెళ్లొచ్చు. అదే అనంతగిరి, హుకుంపేట, ముంచంగిపుట్టు వైపు కొండ మీది ఊళ్లో అయితే? ముందు డోలీ కట్టాలి. రోడ్డు దాకా మోసుకురావాలి. అక్కడ 108 దొరకాలి. అరకు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డులో దాదాపు 115 కిలోమీటర్లు. ఇలా రక్తస్రావం అయినవాళ్లలో, ఆసుపత్రికి చేరి చికిత్స అందినా, ఆరు వారాల్లోపే నూటికి 15 నుంచి 20 మంది చనిపోతున్నారు. దారిలోనే పోయినవాళ్లు ఈ లెక్కలోకి రారు.

కారణం ఏంటంటే, లివర్ గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి సరిపోదు. ఆ ఒత్తిడికి ఆహారనాళంలోని రక్తనాళాలు ఉబ్బుతాయి. డాక్టర్లు వీటినే వేరిసెస్ అంటారు. పెద్దవైనవి, పైపొర పల్చబడినవి ఎప్పుడైనా పగలొచ్చు. పగిలే దాకా నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. అందుకే సిరోసిస్ అని తేలిన ప్రతి ఒక్కరికీ నోట్లోంచి గొట్టం వేసి ఎండోస్కోపీ చేయాలన్నది పాత పద్ధతి. కొండ ఊరి మనిషికి అది రెండు రోజుల కూలి పోగొట్టుకుని, తోడు మనిషితో పట్నం వెళ్లే పని. చాలామంది వెళ్లరు. అందులో వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఇటలీలోని బవేనో అనే ఊరి పేరుతో 1990 నుంచి లివర్ నిపుణుల సమావేశాలు జరుగుతున్నాయి. 2015 సమావేశంలో ఒక సులువైన కొలత ఒప్పుకున్నారు. ఫైబ్రోస్కాన్ అనే మెషిన్‌ను కుడి పక్కటెముకల మధ్య ఆనించి లివర్ గట్టిదనం కొలుస్తారు. సూది లేదు, గొట్టం లేదు, కొన్ని నిమిషాల పని. ముందు మూడు గంటలు ఏమీ తినకుండా ఉంటే చాలు. ఆ కొలత 20 కిలోపాస్కల్స్ కంటే తక్కువగా ఉండి, మామూలు సీబీపీ రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటితే ఎండోస్కోపీ అక్కర్లేదు. ఈ లెక్కతో ప్రమాదకరమైన వేరిసెస్ తప్పిపోయే అవకాశం నూటికి 5 లోపే. అయితే దీనివల్ల ఎండోస్కోపీ తప్పేది నూటికి సుమారు 20 మందికే. మిగతావాళ్ల సంగతి?

దానికి జవాబు 2021 నాటి ఏడో బవేనోలో వచ్చింది, కొండలకు అసలు పనికొచ్చేది ఇదే. లివర్ గట్టిదనం 25 దాటితే పోర్టల్ రక్తనాళంలో ఒత్తిడి బాగా పెరిగినట్టే లెక్క (ఊబకాయం వల్ల ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు మాత్రం ఈ అంకె అంత నికరం కాదు). అలాంటివాళ్లకు ఎండోస్కోపీ కోసం ఆగకుండా కార్వెడిలాల్ మాత్ర మొదలుపెట్టొచ్చు. ఇది కొత్త మందేమీ కాదు. బీపీకి, గుండెకు ఎప్పటి నుంచో వాడుతున్న చవక జెనరిక్. ఆస్తమా ఉన్నవాళ్లకు, బీపీ మరీ తక్కువ ఉన్నవాళ్లకు, నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు ఇది పడదు కాబట్టి డాక్టర్ చూసే ఇవ్వాలి.

కానీ యూరప్‌లో తయారైన అంకెల్ని అరకులో గుడ్డిగా వాడితే కుదరదు. మన్యంలో మలేరియా ఉంది, సికిల్ సెల్ ఉంది. రెండూ ప్లీహం మీద, ప్లేట్‌లెట్ల మీద ప్రభావం చూపేవే. మలేరియాతో ప్లేట్‌లెట్లు పడిపోతే అనవసరంగా పట్నం పంపాల్సి వస్తుంది, అంతవరకే. సికిల్ సెల్‌తో ప్లీహం ఎండిపోయినవాళ్లలో ప్లేట్‌లెట్లు పెరిగి కనిపిస్తాయి. అక్కడ ‘అంతా బాగుంది’ అనుకుంటే మోసపోతాం. పైగా మన దేశంలో లివర్ పెద్దగా గట్టిపడకుండానే పోర్టల్ ఒత్తిడి పెరిగే జబ్బు కూడా ఉంది. అలాంటి రోగి ఫైబ్రోస్కాన్‌లో దాదాపు మామూలుగా కనిపిస్తాడు, వేరిసెస్ మాత్రం పెద్దవే ఉండొచ్చు. ప్లీహం బాగా పెరిగి ఉంటే స్కాన్ ఏం చెప్పినా ఎండోస్కోపీ చేయించాల్సిందే.

కేంద్రం 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. దాని కింద గిరిజన గ్రామాల్లో రక్తపరీక్షలు చేస్తున్నారు. అదే రోజు హెపటైటిస్ బి, సి పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క కూడా చేస్తే కొత్తగా క్యాంపు పెట్టే ఖర్చు ఉండదు. చేత్తో మోసుకెళ్లే ఫైబ్రోస్కాన్ మెషిన్లు వచ్చాయి. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఒక మెషిన్ అక్కడ పెట్టి సంత రోజుల్లో మండలాలకు తిప్పడం అసాధ్యం కాదు. హెపటైటిస్ బి, సి మందులు 2018 జులై నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితం. కాబట్టి పరీక్షలో తేలినవాళ్లకు చూపించడానికి దారి కూడా ఉంది.

‘సారా తాగేవాళ్ల జబ్బు, మనకెందుకు’ అని మన ఇళ్లలో అనుకునేవాళ్లున్నారు. మందు ముట్టని ఇళ్లలోనూ హెపటైటిస్ బి వస్తుంది, షుగర్‌తో ఫ్యాటీ లివర్ వస్తుంది. ప్రభుత్వం 2021లోనే ఫ్యాటీ లివర్‌ను షుగర్, బీపీల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. పదేళ్లుగా షుగర్ ఉన్న అమ్మీకో అబ్బాకో సీబీపీలో ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపు వస్తుంటే, ‘డెంగీ కాదులే’ అని రిపోర్టు పక్కన పెట్టకుండా లివర్ సంగతి డాక్టర్‌ని అడగాలి. మలం తారులా నల్లగా వస్తే ఇక ఒక్క గంట కూడా ఆగకూడదు.

కొండల్లో ఇంకో చిక్కు మిగిలే ఉంది. కార్వెడిలాల్ రోజూ వేసుకోవాలి, మధ్యలో ఆపితే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. వానాకాలంలో వాగు పొంగి దారి మూసుకుపోయే ఊళ్లకు నెలకు ఒకసారి మాత్రలిస్తే చాలదు. జూన్‌కు ముందే మూడు నెలల స్టాకు ఆశా కార్యకర్త దగ్గర ఉండాలి.