అంకెలు సరే, అక్షరాలేవి?

సౌదీ నుంచి వాపసు వచ్చిన ఒక సిరిసిల్ల కార్మికుడు కోరుట్ల నెట్ సెంటర్‌లో తీయించుకున్న ప్రింటును ఈ వారం చూశాను. కంపెనీ పంపిన జీతం లెక్క అది. రియాళ్ల అంకెలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఎంత కోశారో తెలుస్తోంది. ఎందుకు కోశారో రాసిన చోట మాత్రం అరబ్బీ అలిఫ్‌కు బదులు కింద తోకున్న ఇంగ్లీషు సీ, లామ్‌కు బదులు నెత్తిన గీటున్న ఏ. పేజీ నిండా అదే గోల. ‘ఫైలే ఖరాబైంది’ అని చెప్పి, ప్రింటు పైసలు మాత్రం తీసుకున్నారట.

ఫైలుకు ఏ రోగమూ లేదు. పాత విండోస్ అరబ్బీ కోడ్‌లో రాసినదాన్ని కంప్యూటర్ పశ్చిమ యూరప్ కోడ్‌గా చదివింది, అంతే. ఆ టెక్స్ట్ ఫైలును వర్డ్‌లో తెరిచి, ఎన్‌కోడింగ్ జాబితాలో ‘అరబిక్ విండోస్’ ఎంచుకుంటే కింద కనిపించే నమూనాలోనే అక్షరాలు దారికొస్తాయి. ఎక్సెల్‌లో తెలుగు పేర్లు పిచ్చిగీతలైనా మందు ఇలాంటిదే. ఫైలు మీద డబుల్ క్లిక్ కొట్టకుండా డేటా మెనూలోంచి తెచ్చుకుని, యూటీఎఫ్-8 అని చెప్పాలి.

గల్ఫ్ కాగితాలు నిత్యం వచ్చే జగిత్యాల, కోరుట్ల దుకాణాల్లో ఈపాటి సంగతి తెలియదా? తెలిసినవాళ్లకూ భయమే. పాత అరబ్బీ ప్రోగ్రాము కోసం రీజియన్ సెట్టింగుల్లో సిస్టమ్ లొకేల్, అంటే పాత ప్రోగ్రాములు వాడే భాషా కోడ్, మార్చమని అడిగి చూడండి. ‘వద్దు సార్, నా పెండ్లి పత్రికలన్నీ ఆగమైతయి’ అంటారు. అదీ నిజమే. మన పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టి బండి లాగుతున్నాయి. లొకేల్ మారితే ఆ లెక్క తప్పుతుంది. అంటే అరబ్బీని అడ్డుకుంటున్నది మన తెలుగే!

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అన్ని భాషలకూ ఒకే కోడ్ అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌ను వెంటబెట్టుకొచ్చింది. మన డీటీపీ దుకాణాల పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చిందీ ఆ ఏడాదే. ఆ తర్వాత దాన్ని కన్నవాళ్లే వదిలేశారు, మనం వదల్లేదు. శుభలేఖ, ఫ్లెక్సీ, కరపత్రం... అన్నీ దాని చుట్టూనే. అందులో అరబ్బీ అతికిస్తే వచ్చేది ప్రశ్నార్థకాల వరుస. అదేమంటే యూనికోడ్ ఫాంట్లకు అందం లేదంటారు. మండలి, రామభద్ర, గురజాడ, ధూర్జటి ఉచితంగా దొరుకుతున్నాయి. పెండ్లి పత్రికకు ఇంకెంత అందం కావాలి?

సరే, అక్షరం బాగుపడిందనే అనుకుందాం. చదివి చెప్పేదెవరు? ఉర్దూ వచ్చిన పెద్దమనిషి అక్షరాలు కూడబలుక్కున్నా, కార్మిక చట్టం మాట విప్పి చెప్పగలడా? యూఏఈ 2016లో ఉద్యోగ ఒప్పందాల పద్ధతి మార్చి, కార్మికుడికి అర్థమయ్యే భాషలో కాగితం అందేలా 11 భాషలు ఖాయం చేసింది. అరబ్బీ, ఇంగ్లీషు సరే. హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ కూడా ఉన్నాయి. తెలుగు లేదు. పల్లెకు పల్లె దుబాయి బాట పట్టిన జిల్లాలు మనవి. అక్కడ బతుకమ్మ ఆడించడానికి విమానమెక్కే నాయకులు, తిరుగు టికెట్టుకు ముందు ఆ దేశపు కార్మిక శాఖ గడప కూడా ఒకసారి తొక్కితే ఏం పోయింది?

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. మంచి పనే. బతికుండగా తాను సంతకం పెట్టే కాగితాన్ని తన భాషలో చదువుకోనిస్తే ఇంకా మంచిది. దానికి లక్షలు కూడా అక్కర్లేదు.