‘నిలవరు’ అనే మాట

పెనుకొండ, హిందూపురం పక్క ఫ్యాక్టరీల్లో మనుషుల్ని పనిలోకి తీసుకునేవాళ్ల నోట ఒక మాట నలుగుతుంటుంది. “సీకేపల్లి, రామగిరి పిల్లోళ్లు నిలవరు. చెనక్కాయ పీకేటప్పుడు మాయమైపోతారు. ఆడపిల్లలు పెళ్లి కుదిరిందంటే రారు. డిగ్రీ చదివినోడు లైను మీద నిలబడడు.” కాంట్రాక్టరు అంటాడు, సూపర్‌వైజరు అంటాడు, చివరికి మన ఊళ్ల పెద్దమనుషులూ తలూపుతారు. ఊరు, కులం, వయసు, ఆడా మగా తెలిస్తే చాలు, మనిషి ఎట్లా పనిచేస్తాడో తెలిసిపోయినట్టే మాట్లాడతారు. ఇది అబద్ధం. కడుపు మండే అబద్ధం.

నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. సీకేపల్లి అని పిలిచే చెన్నేకొత్తపల్లికి లోపలి ఊరు. కంపెనీ బస్సెక్కాలంటే హైవే దాకా మూడు కిలోమీటర్లు నడవాలి. తెల్లారి షిఫ్టుంటే నాలుగింటికే వాళ్ల నాయన సెల్లు లైటు పట్టుకొని ముందు నడిచేవాడు, ఆమె టిఫిన్ బాక్సు చంకన పెట్టుకొని వెనక. రెండో షిఫ్టయితే రాత్రి పదకొండు దాటాక మళ్లీ అదే దారి. ఎనిమిది నెలలు అట్లా గడిచింది. నాయన కాలు విరిగి మంచమెక్కాక మానేసింది. కంపెనీ రిజిస్టరులో కారణం దగ్గర “పెళ్లి” అని రాసుకున్నారని తర్వాత తెలిసింది. అప్పటికి ఆమెకు ఒక్క సంబంధమూ చూడలేదు.

ఇట్లాంటి పద్దులన్నీ కూడితే కాగితం మీద ఒక లెక్క తేలుతుంది: ఫలానా ఊళ్ల ఆడవాళ్లు ఎక్కువగా మానేస్తారు. లెక్క తప్పు కాకపోవచ్చు. దానికి చెప్పే కారణమే తప్పు. అమెరికాలో రోజబెత్ మాస్ కాంటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక పెద్ద కంపెనీని దగ్గరుండి చూసి 1977లో పుస్తకం రాసింది. ఆడవాళ్లకు పైకెదగాలనే ఆశ తక్కువని అక్కడా అనేవాళ్లు. ఆమె తేల్చింది వేరు: పైకి దారి లేని కుర్చీలో కూర్చోబెడితే మగవాడైనా ఆశ చంపుకుంటాడు. మన బొంబాయి నూలు మిల్లుల కూలీలనూ పల్లె వదల్లేనివాళ్లని నిందించేవాళ్లు. మోరిస్ డేవిడ్ మోరిస్ ఆ మిల్లుల చరిత్ర తిరగేసి, లోపం యాజమాన్యాల పద్ధతుల్లోనే ఉందని 1965లో చూపించాడు.

అంత దూరం ఎందుకు, ధర్మవరం పోయి చూడండి. గుంత మగ్గంలో కాళ్లు దించి, వేల పట్టు పోగుల్లో తెగిన ఒక్క పోగును వేలి కొనలతో వెతికి ముడేసే పిల్లోణ్ణి పది నిమిషాలు గమనించండి. వీడికేనా ఓపిక లేదనేది? కరువుకు చేను వదిలిన రైతు ఇళ్లవాళ్లూ అక్కడ మగ్గమెక్కారు. తాతల నాటి నేత కులం కాకపోయినా చేతికి పని వచ్చింది. చెన్నేకొత్తపల్లి దగ్గరే 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అండతో మన ఆడవాళ్లు పొదుపు సంఘాలు పెట్టుకొని, అప్పులిచ్చి, వసూలు చేసి ఏళ్లుగా నడుపుకుంటున్నారు. అవే ఊళ్లు, అవే కులాలు, అదే చదువు. సంఘం తమది, అంతే తేడా.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు బయటికొచ్చిన 2019లోనే, ఫ్యాక్టరీల్లో స్థానికులకు 75 శాతం ఉద్యోగాలివ్వాలని మన రాష్ట్రం చట్టం చేసింది. పని తెలిసినవాళ్లు దొరక్కపోతే మూడేళ్లలో నేర్పించుకోవాలనీ అందులో ఉంది. నేర్పించే మాట ఎవరికీ గుర్తు లేదు, “మీవాళ్లకు రాదు” అనే మాట మాత్రం అందరికీ వచ్చు. ఎప్పుడు తీసేస్తారో తెలియని కాంట్రాక్టు కాగితం చేతిలో పెట్టి, కంపెనీ మీద అభిమానం లేదంటే ఎట్లా? కోత కాలంలో ఎందుకు పోతారంటే, జీతానికి భరోసా లేనప్పుడు ఆ నాలుగెకరాల చెనక్కాయే ఇంటికి ఆధారం. దాన్ని వదులుకునే ధైర్యం ఆ ఉద్యోగం ఇవ్వలేదు.

పుట్టిన ఊరికీ, కులానికీ, ఆడదై పుట్టడానికీ పని మీద ప్రభావమే లేదని నేననను. ఉంది. ఇంట్లో మొదటిసారి ఫ్యాక్టరీకి పోయినవాడికి సూపర్‌వైజరును నిలదీసి అడగడానికి నోరు రాదు. పసిబిడ్డ ఉన్న తల్లికి గంట ఆలస్యమైతే ప్రాణమంతా ఇంటి మీదే. ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. ఆ గది కట్టనివాళ్లకు “ఆడవాళ్లు నిలవరు” అనే హక్కు లేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఒక గార్మెంట్స్‌లో ఉంది. హాస్టలు గేటు నుంచి మిషను దాకా పది నిమిషాల నడక. ఉగాదికి వచ్చి రెండు రోజులుండి, సెలవు అయిపోతుందని మూడో రోజు తెల్లారే సీకేపల్లి క్రాసులో బస్సెక్కింది. చేరి రెండేళ్లయింది.